చిన్న అంకె

జమ్మిచెట్టు కాడ
షాషావలి జిరాక్స్ షాపు, మేడ మీది గది.
ఆదివారం. షట్టరు సగానికి దించినాం.
ఉగ్గాని పొట్లాల నడుమ పార్సిల్ చింపితే
కొత్త పుస్తకం.
గట్టి అట్ట, డ్రాగన్ కంటికి బంగారు పూత,
పేజీ తిప్పితే ఇంకా రంగు వాసన.

పక్కన పాతది.
దాని అట్ట ఎప్పుడో పోయింది,
ఈ స్పైరల్ బైండింగు షాషావలి వేసిందే.
రెండువేల తొమ్మిదిలో తుంగభద్ర షాపులోకి వచ్చినప్పుడు
మూడు దినాలు నాని, బురదలో దొరికింది.
డాబా మీద పేజీకొక గులకరాయి పెట్టి ఆరబెట్టినాం.
యుద్ధాల అధ్యాయం ఇప్పటికీ
తిప్పితే అప్పడం మాదిరి చప్పుడు చేస్తుంది.

"మారదామప్పా" అంటాడు మద్దిలేటి.
డిపోలో వానికి టికెట్ల మిషను మూడుసార్లు మార్చినారు,
మార్చినప్పుడల్లా తిట్టినాడు,
పాతది తిరిగిస్తామంటే మాత్రం తీసుకోలేదు.
ఆటలో వాడు దొంగ.
పాత రూళ్లల్లో ఒక తాళం తీయనీకి
మూడు పట్టికలు చూడల్ల,
కొత్తదాంట్లో ఒక్కసారి పాచిక వేస్తే చాలు.
"నేను తాళం తెరిచే లోపల
బజ్జీలు సల్లారిపోతాండాయి."

హెప్సిబా ఏమీ అనలేదు.
పెద్దాస్పత్రిలో పగలంతా సూదులేసే చెయ్యి
ఇక్కడ గొడ్డలి పడుతుంది.
తన కాగితం తీసి లైటుకు ఎత్తి పట్టింది.
ప్రాణాలు రాసుకునే గడి కాడ
రబ్బరుతో తుడిచీ తుడిచీ చిల్లు,
అందులోంచి ట్యూబులైటు కనిపిస్తాంది.
"దీన్ని కొత్త కాగితంలో యాడ రాసుకోవల్ల?"

అసలు తకరారు ఇది గూడా కాదు.
పాత ఆటలో
ఇరవై ముఖాల పాచిక మీద చిన్న అంకె పడితే గెలుపు.
కొత్తదాంట్లో పెద్దది పడల్ల.
నలభై రెండో పేజీలో ఒకే ఒక వాక్యం.

పదహారేండ్లకు పైగా మేము
పిడికిలి నోటికానించి
రెండు పడాలని, ఒకటి పడాలని ఊదినోళ్లం.
బోరులో రెండంగుళాల నీళ్లు పడితే
టెంకాయ కొట్టే సీమ మాది,
కొంచెంతో గెలవడం ఆటలో నేర్చుకున్నది కాదు.
పెద్ద అంకె ఒక్కసారి పడింది మా కర్నూలుకు.
ఆ రాత్రి ఈ మేడ మీదే నిలబడి
అది ఎట్లుంటాదో చూసినాం.

ఇవేవీ పైకి అనలేదు.
కథ నడిపేవాణ్ణి, నాకు ఓటు లేదు.

"ఎందుకీ రచ్చ? పాచికే చెప్పనీ,
గెలిస్తే మారదాం" అని
షాషావలి వేసినాడు.
మూడు.
మద్దిలేటి చప్పట్లు కొట్టినాడు, పాత లెక్కలో అది గెలుపు.
హెప్సిబా తల అడ్డంగా ఊపింది, కొత్త లెక్కలో అది ఓటమి.
మారల్లంటే పాత రూలు ఒప్పుకోవల్ల,
మారొద్దంటే కొత్తది.
నలుగురం నవ్వినాం, పొట్లాలు చల్లబడేదాకా.

పోయిన ఆదివారం
మా వాళ్లను వంతెన మీద వదిలేసి లేచినాం.
కింద నల్లటి ఏరు, ఎదురుగా గద ఎత్తిన రాతి బంటు.
వారం దినాలుగా ఆ గద అట్లే ఎత్తి ఉంది పాపం.

మూలన లెక్కలు చేసుకుంటాండిన మౌళిక,
మద్దిలేటి బిడ్డ, ఆరో తరగతి,
నోట్సు మూసి వచ్చింది.
"నేనూ వంతెన దాటొచ్చా?"
జవాబు రాకముందే పాచిక ఇసిరింది.
పంతొమ్మిది.
"గెలిచినా!" అని ఎగిరింది.

ఫ్యాను తిరుగుతాంది.
హెప్సిబా నోరు తెరిచి, మూసుకుంది.
"దాటినావు" అన్నాను నేను,
గొంతు నాదేనా అనిపించింది.

పాత పుస్తకాన్ని పక్కకు జరిపినా.
మూయలేదు. అది మూసుకోదు గదా,
వరద కాడ్నుంచి ఉబ్బిపోయి
ఎప్పుడూ రొంత తెరుచుకునే ఉంటాది.

హెప్సిబా షాషావలి దిక్కు చూసి అంది:
"కొత్త కాగితాలు జిరాక్స్ తీసేటప్పుడు
నాది మందమైన దాని మీద తియ్యి.
చాన్నాళ్లు తుడవల్ల."