కేరేజీ బరువు

కాశీబుగ్గలో కరెంటు పోయిన రాత్రి
ఫోన్ లైటు పెట్టుకుని ప్రాక్టికల్ రికార్డులు దిద్దుతున్నాను.
ముప్పై ఒక్క పుస్తకాల్లో ఒకటే బల్బుల ఫ్యాక్టరీ,
ఒకరి నుంచి ఒకరు ఎత్తిన ఒకటే తప్పు.
ముప్పై రెండోది బమ్మిడి నీలవేణిది.
అట్ట మీద జీడిపప్పు పొట్టు, గోధుమరంగుది, అంటుకుని ఉంది.

సమష్టి: మా అమ్మ పనిచేసే జీడి బట్టీలో నలభై ఆరుగురు.
ప్రతిచయనం: పేర్లు చీటీలు రాసి, కోవా డబ్బాలో ఊపి,
కళ్ళు మూసుకుని పన్నెండు.

పక్కన మార్జిన్లో, ఎవరూ అడగని మాట:
"మెతుకు నొక్కితే అన్నం సంగతి తెలుస్తాది గానీ
కుండ కలియబెట్టకండా పైమెతుకు నొక్కీసి
ఉడికిందనీకే గుంటా" అంది మా అమ్మ.
నలభై నిమిషాలు నేను బోర్డు మీద చెప్పింది ఇదే.

తొమ్మిదో చీటీ ఊర్మిళమ్మది.
సోమ, గురువారాలు ఆవిడ ఆసుపత్రి మంచం మీద
రక్తం కడిగించుకుంటూ ఉంటుంది.
పేరు మార్చలేదు, ఆవిడ పనికొచ్చే శనివారం దాకా ఆగాను,
అని రాసింది.
పాఠ్యపుస్తకంలో ఈ పేరా లేదు.

పద్ధతి:
పొద్దున్నే లోకనాథం కొట్లో మధ్యాహ్నపు కేరేజీ తూచాలి.
మేస్త్రి బీడీకి వెళ్ళినప్పుడు
అదే కేరేజీ బట్టీ కాటా మీద పెట్టాలి.
రెండు అంకెలు, ఒక తీసివేత.
శూన్య పరికల్పన: కాటా సరైనదే.

సగటు కొరత ముప్పై ఒక్క గ్రాములు.
టీ విలువ ఒకటి పాయింట్ తొమ్మిది నాలుగు.
పట్టికలో, రెండు తోకల పరీక్షకి, రెండు పాయింట్ రెండు.
కాబట్టి, కొట్టేసి మళ్ళీ రాసిన అక్షరాల్లో,
శూన్య పరికల్పనను తిరస్కరించలేము.

రెండు తోకలెందుకని రికార్డు ఇచ్చిన రోజే అడిగాను.
"కాటా ఎక్కువ కూడా చూపించొచ్చు కదా మేడం,
దాని వేపు నుంచి కూడా ఆలోచించాలి కదా."
ఇంట్లో చెబితే దాలమ్మ పడీ పడీ నవ్విందట.
"కాటాకి తోకలేటే! ఉంటే గింటే ఒకటే తోక.
ఇరవై రెండేళ్ళు పిక్కలు కొట్టినాను,
ఒక్కనాడైనా మా వేపు ఊగిందా అది?"

ఒక్క తోకే అయితే పట్టిక అడిగేది ఒకటి పాయింట్ ఎనిమిది.
దాలమ్మ గెలుస్తుంది.
ఎర్ర పెన్ను అక్కడే ఆగింది.
జవాబు చూశాక తోక మార్చడం
పళ్ళెం కింద వేలు పెట్టడంతో సమానం.
మొన్న మంగళవారం క్లాసులో అన్నది నేనే.
కానీ ఆ వేళ్ళు, జీడి నూనెకి నల్లబడి
రేషన్ మిషన్లో ముద్ర పడని వేళ్ళు,
వాటికి తెలిసింది జవాబు చూడక ముందా, చూశాకా?

చివర గ్రాఫు కాగితం.
అడ్డంగా కేరేజీ బరువు, నిలువుగా కొరత.
బరువుతో పాటే పైకి పాకే ప్రతిగమన రేఖ
చుక్కల మధ్య నుంచి వెళ్ళిపోయింది
స్టాపుల్లో ఆగని ఎక్స్‌ప్రెస్ బస్సులా.
ఎడమ చివర ఒక చుక్క, ఒంటరిగా.

తెల్లారి వరండాలో అడిగాను, ఇదెవరిదని.
"మా అమ్మది మేడం. ఆరోజు కేరేజీలో ఏం లేదు.
లెక్క ఆగిపోద్దని ఖాళీదే పట్టుకెళ్ళింది."
కొట్లో నాలుగు వందల ఎనభై గ్రాములు.
బట్టీలో నాలుగు వందల ఎనభై.
ఖాళీ దగ్గర కాటా నిజమే చెప్పింది.

ఇరవైకి పద్దెనిమిది వేసి కింద రాశాను:
తిరస్కరించలేకపోవడం అంటే నమ్మడం కాదు.
మళ్ళీ చెయ్యి.
అనుమానం ఎటువైపో ఈసారి ముందే రాసి
తేదీ వేసి నా సంతకం తీసుకో.

సోమవారం ఏడు కాకముందే
లోకనాథం కొట్టు అరుగు మీద నలభై ఐదు కేరేజీలు.
ఊర్మిళమ్మది ఎవరో మోసుకొచ్చారు, నలభై ఆరు.
"ఏటమ్మా, రేపు నా కాటా మీద కూడా అనుమానపడతారేటి?"
అన్నాడాయన, సగం నవ్వుతూ.
నీలవేణి పెన్ను మూత తీసి
"దానికి వచ్చేవారం పేజీ వదిలాను మావయ్యా" అంది.