వేలిముద్రల చిట్టా

డిపోలో నా పని సిరా అద్దడం.
బొటనవేలు పట్టుకుని నల్లటి మెత్త మీద ఒత్తి
కాగితం మీద దొర్లించడం.
మగాడైనా ఆడదైనా ఎడమ చెయ్యే.
నెలకి పదకొండు రూపాయలు.
ఓడ నిండిన నెల పైన అర్ధరూపాయి.

సోల్జర్‌పేట వెనక, ఉప్పుటేటి గాలికి
ఎప్పుడూ చెమ్మగిల్లే గిడ్డంగి.
గోగునార కట్టలు తీసేసి మనుషుల్ని పెట్టారు.
వాసన మాత్రం నారదే.

మేస్త్రీ రవణప్పడు చీపురుపల్లి సంతలో చెప్పేవాడట:
"అనకాపల్లి దాటేక ఇంకొంచెం. అంతా చెరుకే.
నమిలినంత నమలొచ్చు, ఎవడూ అడగడు."
గంజికి మొహం వాచిన ఏడు అది.
కొంచెం అంటే ఎంతని ఎవరూ అడగలేదు.

గొర్తి సోమసుందరం గారు అడిగారు.
ప్లీడరు. మునిసిపాలిటీలో మెంబరు.
పొట్టి మనిషి, కోటుకి ఒక బొత్తాం తక్కువ,
గొంతు మాత్రం యారాడ కొండకి తగిలి తిరిగొచ్చేది.
బురుజుపేటలో అరుగు దొరికితే అరుగెక్కి,
లేకపోతే బండి చక్రమెక్కి,
"అమ్మకం అనరు, అగ్రిమెంటు అంటారు.
పేరు మారిస్తే పాముకి కోరలు ఊడతాయా?"
జనం వినేవారు, వేరుశనక్కాయలు ఒలుచుకునేవారు, పోయేవారు.
ఒకరోజు ఎవడో గుడ్డు విసిరాడు.
కోటు తుడుచుకుంటూ ఆయన,
"దీనికి కోడి చేత వేలిముద్ర వేయించారా?"

అప్పటికి నాకు ఆయనంటే నవ్వే.

తర్వాత బొట్ట నూకాలు వచ్చింది.
ఆమె వేలికి గీతల్లేవు.
నానిన గోగునార పీకీ పీకీ అరిగిపోయాయి.
మూడుసార్లు ఒత్తాను.
మూడుసార్లూ ఒట్టి నల్లచుక్క.
ఆమే నవ్వింది:
"నాను లేనేటో బాబూ, అలాగే రాసుకో."

ఆ రాత్రే ఆయన మా గుమ్మంలో, గొడుగు కారుతూ.
"చిట్టా కావాలి. పొద్దుటికి ఇచ్చేస్తాను."
మా ఆవిడ లాంతరు వత్తి తగ్గించింది.
భయపడ్డాను. ఇచ్చాను.
ఏది ముందో ఇప్పటికీ చెప్పలేను.

పొద్దున్నకి ఇవ్వలేదు.
సోమవారం సభలో, సంకలోంచి తీశారు.
లైసెన్సు రద్దు చెయ్యాలని తీర్మానం.
ఉపన్యాసం లేదు. చదవడమే.

గంట్యాడ ఎర్రప్పడు, ఇరవై రెండు, మోకాలి మీద మచ్చ.
కోన పైడమ్మ, పంతొమ్మిది.
చంకలో బిడ్డ, లెక్కకి రాదు.
బొట్ట నూకాలు, ముద్ర పడలేదు.

చైర్మన్ గారు గడియారం చూసుకున్నారు.
పంకా తాడు లాగే కుర్రాడు లాగడం మానేశాడు.
ఎర్రప్పడు వాడి మేనమామ అని తర్వాత తెలిసింది.

చివరి కాగితం నాకు తెలుసు.
దస్తూరీ నాదే.
ఆ ఒక్కటీ ఆయన చింపేసి ఉంటారనుకున్నాను.
చింపడానికి రాత్రంతా ఉంది.

ఆయన మంచినీళ్ళు తాగారు.
"గిడ్డంగి అద్దె, నెలకి నలభై.
పుచ్చుకున్నవారు గొర్తి విశ్వపతి."
గ్లాసు బల్ల మీద సరిగా నిలబడలేదు.
"మా నాన్నగారు. నేను లా చదివింది ఈ డబ్బుతో."

నలుగురు అటు, తొమ్మండుగురు ఇటు.
గురువారం మసూలా పడవలు అలల మీద ఎగిరెగిరి పడుతూ
దూరాన ఆగిన ఓడ దాకా మోశాయి వాళ్ళని.
నూకాలు వెనక్కి చూసిందో లేదో,
ఎండ కళ్ళల్లో పడింది నాకు.

ఆయనకి ఇంటి తలుపు తియ్యలేదు.
కోర్టులో ప్లీడర్ల గదిలో పడుకున్నారు చాన్నాళ్ళు.
బొత్తాం మాత్రం ఎవరో కుట్టి పెట్టారు.
ఏళ్ళ తర్వాత ఓడలు ఆగాయి.
పేపర్లో వేరే పేర్లు వేశారు.

నన్ను ఆ వారమే పొమ్మన్నారు.
అనకాపల్లిలో బెల్లం దిమ్మలు తూచి రాశాను ముప్పయ్యేళ్ళు.
ఎవరైనా దారి అడిగితే
ఎంత దూరమో అడుగుల్లో చెప్పేవాణ్ణి.

ఇప్పుడు సాయంత్రాలు
మనవరాలి ఎడమచెయ్యి పట్టుకుని ఇసకలో నడుస్తాను.
నాకు తెలీకుండానే నా వేళ్ళు
దాని బొటనవేలిని పట్టి
మెల్లగా ఒక పక్క నుంచి ఇంకో పక్కకి దొర్లిస్తాయి.

అది చెయ్యి లాక్కుంటుంది.