చక్రం కింద రాయి

పైగుడ్డ చిరిగింది, నిజమే.
నేలరేకు సందుల్లో హెక్లా బూడిద
ఇంకా ఉంది, వేలు పెట్టి చూసుకో బాబూ.
ఎడమ తలుపు మీద సొట్ట
డెబ్బైలో ఒక పొట్టేలు కోపం.
రంగు మళ్ళీ వేయలేదు.
తీరికెక్కడ? ఎండుగడ్డి, వాన, మళ్ళీ ఎండుగడ్డి.

రేక్యవిక్ నుంచి వచ్చినతను
తుప్పు మీద చెయ్యి ఆనించాడు, జ్వరం చూసినట్టు.
"ఎవరూ చెయ్యి పెట్టలేదు, అన్నీ ఒరిజినలే.
అందుకే ఇంత ఇస్తున్నా."

చెయ్యి పెట్టలేదా!
కంచె తీగతో సైలెన్సర్ కట్టిందెవరు?
ఏటి మధ్య మొరాయిస్తే
నడుంలోతు మంచునీళ్ళలో దిగి
తిట్టి, బతిమాలి, ఒడ్డెక్కించిందెవరు?
థోర్‌గెర్దుర్ పైకేమీ అనలేదు.
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

జీపు ట్రైలరెక్కింది.
అది నిలబడ్డ మేర గడ్డి
కట్టు విప్పిన చర్మంలా పాలిపోయి ఉంది.

గేటు దాటుతుంటే కేకేసి పరుగెత్తింది.
అతని గుండె జారింది, బేరం చెడిందేమోనని.

"హ్యాండ్ బ్రేకు పడదు,
మా ఆయన ఉన్నప్పటి నుంచీ."
ఆయాసపడుతూ, రెండు చేతులా మోసుకొచ్చిన
నల్లరాయిని సీట్లో కూర్చోబెట్టింది.

"ఇదీ ఒరిజినలే."