కుడివైపు చక్రం

కడప నుంచి చెన్నైకి చిన్న విమానం.
రెక్క నెత్తిన, చక్రం కిటికీ కింద.
నా వైపుది దిగింది, చూశాను.
నడవకు అవతల ఖమరున్నీసా
అద్దానికి ముక్కు ఆనించి అంది:
"ఈ పక్కది రాలే."

ఒక్క చక్రం దిగితే ఒరిగేదేముంది,
ఒరగడం తప్ప.

పల్లికరణై చిత్తడి మీద మూడో చుట్టు.
అవే కొంగలు, అదే చెత్తకొండ.
పెన్నులు, చెప్పులు, కళ్ళద్దాలు తీసేయమన్నారు.
తీశాక ఆమెకు చక్రమూ లేదు, చెన్నయ్యీ లేదు.
"నువ్వు జూసి చెప్పు నాయనా" అంది
ఎక్స్‌రే కవరు గుండెకు అదుముకుని.
ఎల్లుండి మోకాలి ఆపరేషన్.
"ఇదీ అంతేలే, మడిస్తే చాపుకోదు."

పైలట్ ఒక్కసారి విదిలించాడు విమానాన్ని,
తడిబట్ట దులిపినట్టు.
కింద ఎక్కడో ధన్‌మని చప్పుడు.
బెల్టు కోసుకుపోయేలా వంగి చూశాను.
"వచ్చిందా?"
గొంతు పెగల్లేదు,
నడవ మీదుగా చెయ్యి చాపి
ఆమె వేళ్ళు నొక్కాను.

అడయారు వంతెనకు ముందే ఆగాం,
చుట్టూ ఫైరింజన్లు.
అందరూ బస్సు వైపు పరుగు.
సెక్యూరిటీ అరుస్తున్నా
ఆమె మాత్రం కుంటుతూ వెనక్కి మళ్ళి
ఆ చక్రం ముందు నిలబడింది.
"ఏంరా, ఇంతసేపు యాడికి పోయినావు?"