మూడో పట్టిక, నాలుగో వరస

పేపరు అచ్చయ్యాక
డాక్టర్ వైదేహి గారు కాకినాడ నుంచి ఓ కాపీ పంపారు.
పదకొండు పేజీల ఇంగ్లీషు.
నేను పోల్చుకోగలిగింది నా పేరొక్కటే,
చిట్టచివర, చీమల బారులాంటి అక్షరాల్లో,
కృతజ్ఞతల కింద: ఎస్. దయామణి.

రెండేళ్లు తిరిగాను,
సఖినేటిపల్లి నుంచి అంతర్వేది దాకా
సైకిలు క్యారేజీకి రిజిస్టరు కట్టుకుని,
గుండెపోటొచ్చి బతికిన ఇళ్లకీ
మందుచీటీలింకా మేకుకి వేలాడుతున్న ఇళ్లకీ.
ఇరవయ్యారు ప్రశ్నలు.
ఏడోది అడిగేసరికి నా మొహంకేసే చూసేవాళ్లు:
నొప్పి మొదలైనప్పుడు టైమెంత?

ఎవరు చూస్తారండీ టైము!
"రొయ్యలకి రెండో మేత చల్లుతున్నాడు."
"చర్చిలో మొదటి గంటయ్యింది, రెండోది కొట్టలేదు."
"పోటు మొదలైందండి, పాయలో నీళ్లు ఎనక్కి తిరుగుతున్నాయి."

ఆ మాట దగ్గర డాక్టరుగారు పెన్ను ఆపేశారు.

మాకు పోటంటే ముందు సముద్రానిది.
ఎక్కుతుంది.
కాస్త ఓపిక పడితే పాటొచ్చి తీసేస్తుంది,
బురదలో పీతలు మిగులుతాయి.
గుండెలోదీ అంతే అనుకున్నాం.
"ఆయ్, గ్యాసేనండి, తగ్గిపోద్ది" అనుకుంటూ
నులకమంచం మీద వెల్లకిలా పడుకుని
దిగేదాకా చూశాం.
కొందరికి దిగింది.
కొందరు దిగిపోయారు.

పోటు లెక్క నడకుదిటి సింహాద్రి కట్టిచ్చాడు,
వలకట్ల మనిషి, తిథి చెబితే చాలు నిమిషాలతో సహా చెబుతాడు.
మేత లెక్క చెరువు కాపలా కుర్రాడిది.
గంటల లెక్క పాస్టరుగారి భార్యది, ఆయనకి గుర్తుండదు.
అలా జనం నొప్పులన్నీ నిమిషాలయ్యాయి.

ఆ నిమిషాలు ఎక్కడ ఖర్చయ్యాయో
మూడో పట్టికలో ఉంది.
సోడాకి కొన్ని, ఆరెంపీ గారి సూదికి కొన్ని.
నాలుగో వరస, రేవు దగ్గర: నలభై ఒకటి.
అవతలి గట్టున నరసాపురం దీపాలు కనబడుతూనే ఉంటాయి,
ఇవతల పంటు
ఇంకొక్క కారు కోసం ఆగి ఉంటుంది.

ఆ కాపీ పట్టుకుని మంగతాయారు దగ్గరికెళ్లాను.
రిజిస్టరులో ఆమె భర్త నెంబరు నూట అరవై మూడు.
"ఇందులో మా ఆయనేడీ?" అంది.
పేర్లు వెయ్యరు, అంకెలే అన్నాను.
"పోనీ అంకెలో ఎక్కడున్నాడు?"
ఆమె చూపుడువేలు పట్టుకుని నాలుగో వరస మీద పెట్టాను.
చేపలు తోమిన తడి వేలు.
నలభై ఒకటి కొంచెం అలుక్కుపోయింది.

ఎక్కడో బ్రెజిల్లో, పెద్ద నది పక్క ఊళ్లో,
మన పట్టిక చూసి వాళ్ల రేవుల్నీ లెక్కపెట్టారట.
నూటముప్పై చోట్ల మన పేపరు పేరెత్తారట.
ఫోనులో డాక్టరుగారి గొంతు చిన్నపిల్లలా ఉంది.
సంతోషమేనండి అన్నాను. సంతోషమే.

నేను చూసుకునేది మాత్రం వేరే.
సోడాకొట్టు వెంకటరత్నం
గోలీ నొక్కబోయి, ఆగి,
"ఎడంచెయ్యి లాగుతుందా?" అని అడుగుతున్నాడు.
ఔనంటే సోడా అమ్మడు, ఆటో పిలుస్తాడు.
రేవులో కొత్త బోర్డు కట్టారు:
గుండె నొప్పి మనిషి ఉంటే పంటు నిండక్కర్లేదు.
'గుండె'కి సున్నా మర్చిపోయారు,
ఎవరో బొగ్గుతో పెట్టారు.

అన్నీ బాగుపడ్డాయని కాదు.
ఆస్పత్రిలో ఈసీజీ మిషనుంది, కాగితం చుట్ట అయిపోతూ ఉంటుంది.
మొన్న శ్రావణంలో పెదపేట పాలబ్బాయి
ఆటోలోనే పోయాడు, బోర్డు దాటాక.

ఒక్కోరోజు అర్ధరాత్రి
వేళకాని వేళ పంటు ఇంజను మోగుతుంది.
పెద్ద బరువేమీ లేని మోత,
ఒక్క ఆటోతో వెళ్తున్న మోత.
మంచం మీదే లేచి కూర్చుని
టైము చూస్తాను.
రిజిస్టరు ఎప్పుడో ఇచ్చేశాను.
క్యాలెండరు వెనక రాసి పెడతాను.