కారు దిగకూడదు

డిసెంబరులో నాకు దొరికిన సెలవు రెండు రోజులు.
నడివేసవిలో ఎటోషాకి ఎవరు వెళతారక్కా అన్నాడు
పెట్రోలు బంకు కుర్రాడు.
వానలు మొదలయ్యాక మడుగుల దగ్గర ఒక్క జంతువూ నిలబడదు,
ఎక్కడ చూసినా నీళ్ళే కదా,
కెమెరాల ముందుకొచ్చి తాగడానికి వాటికేం ఖర్మ?

అయినా రాస్తున్నాను, కరెంటు బిల్లు వెనక.
స్టెఫానస్ ట్రక్కు. అద్దె వద్దన్నాడు, డీజిలు మనదే.
స్టెప్నీ టైరు. ఇరవై లీటర్ల నీళ్ళు.
అమ్మమ్మ బీపీ మాత్రలు. ఒళ్ళో పరవడానికి దుప్పటి,
ఊరంతా ఉడికిపోతున్నా
ఆవిడ మోకాళ్ళకి మాత్రం ఎప్పుడూ చలికాలమే.
బైనాక్యులర్స్, లేవు.
మావాడు రీనో ఎర్ర పెన్సిలుతో అడ్డంగా రాశాడు: సింహం.
కాసేపాగి, బేరమాడినట్టు: రెండు.

పదకొండేళ్ళుగా ఔట్జోలో కౌంటరు వెనక కూచుని
అటు వెళ్ళేవాళ్ళకి ఐసు గడ్డలు అమ్మాను, రొట్టెలు అమ్మాను,
ఎండ తగలని క్రీములు అమ్మాను.
తిరిగొచ్చేటప్పుడు వాళ్ళు ఫోన్లలో చూపించిన ఏనుగుల్ని
చిల్లర లెక్కపెడుతూ చూశాను.
నూట ఇరవై కిలోమీటర్లు కూడా లేదు.

గేటు పొద్దు పొడవగానే తెరుస్తారు,
పొద్దు గుంకే వేళకి మూస్తారు.
మనిషికింత, బండికింత.
ఆ అంకె పైకి చదివాను. తప్పు నాదే.
అలసందలు ఏరుతున్న చెయ్యి ఆగింది.
"పుట్టింటికి టికెట్టా?"
నవ్విందనుకున్నాను. దగ్గు.

మ్యాపు చూపిస్తే తలకిందులుగా తిప్పింది.
నడుమ తెల్లగా ఉప్పు మైదానం,
దాని అంచుమీద, ఏ పేరూ లేనిచోట,
పగుళ్ళ గోరు పెట్టింది. ఇక్కడ.
నాలుక అంగిట్లో కొట్టి ఆ మడుగు పేరు చెప్పింది,
ఎండుకొమ్మ విరిగినట్టుంది.
ఆ చప్పుడు నాకు పలకడం వచ్చు, రాయడం రాదు.
కాగితం మీద ఒక చుక్క పెట్టాను.

లారీలు వచ్చిననాటికి ఆవిడకి ఏడేళ్ళు.
మిగతాది ఎప్పుడూ చెప్పదు, ఒక్క ముక్క తప్ప:
"మేం జంతువులం కామని ఆ రోజే తెలిసింది,
అయ్యుంటే ఉండనిచ్చేవాళ్ళు."

అలసందల్లోంచి తలెత్తకుండా తన జాబితా చెబుతోంది.
సింహం లేదందులో, ఏనుగు లేదు.
మొదటి వానకి పుట్టలోంచి లేచే ఉసుళ్ళు,
పెనం మీద దోరగా వేగిన వాసన.
ఇంకా నిలబడడం చేతకాక
నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి పెట్టే స్ప్రింగ్‌బాక్ పిల్ల.
వాళ్ళ నాన్న విల్లు తగిలించే కొమ్మ,
అది ఉండదులే, అని తనే కొట్టేసింది.
పెట్రోలు బంకు కుర్రాడికేం తెలుసు?
వేసవే మంచికాలం, అంది, అడవి నిండుగా ఉండేది ఇప్పుడే,
నీళ్ళకోసం ఎవరూ ఎవరికీ భయపడక్కర్లేదు.

ఇక నిబంధనలు.
విడిది క్యాంపుల్లో తప్ప బండి దిగకూడదు.
తల బయట పెట్టకూడదు, చెయ్యి పెట్టకూడదు.
రాయి గాని, ఎముక గాని, ఏదీ వెంట తేకూడదు.
ఈసారి నెమ్మదిగా చదివాను.
ఏమీ అనలేదు.
కుర్చీని గోడవారగా జరుపుకుని కూచుంది,
కిటికీలోంచి అన్నట్టు పక్కకి వంగి
చెయ్యి నేలకేసి చాపింది.
జానెడు అందలేదు.
"స్టెఫానస్ బండి ఇంతకన్నా ఎత్తా?"
ఎత్తే. టైర్లు పెద్దవి.
"చిన్న కారు దొరకదా?"
అమ్మమ్మా, మట్టి తేకూడదంటున్నారు.
"తేవడానికెందుకే? వచ్చానని చెప్పడానికి.
మడుగు దగ్గరికొస్తే ఇసుక కదిపి పలకరించాలి,
మాట్లాడకుండా చూసి వెళ్ళిపోయేది దొంగలు."

రాత్రి అందరూ పడుకున్నాక
జాబితా మళ్ళీ చదివాను.
మాత్రల కింద, రెండు సింహాల పక్కన
కొంచెం చోటు మిగిలింది.
గరిటె, అని రాశాను.
పొడుగు కాడది.