గీతకు గూని

బెండిగోలో, పెరట్లో, రేకుల షెడ్డులో
మెర్విన్ పాస్కో ఒక సెకనును పెంచుతున్నాడు.
టెలిఫోన్ ఎక్స్ఛేంజీ మూతపడ్డాక దొరికిన పని ఇది. జీతం లేదు.
క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు అని
మావాళ్ళ సామెత ఇంగ్లీషులో చెప్పాను.
నవ్వలేదు. క్షణమంటే ఎన్ని మిల్లీసెకన్లు, అన్నాడు.
గడియకు ఇరవై నాలుగు నిమిషాలు,
విగడియకు ఇరవై నాలుగు సెకన్లు,
అంతవరకే నాకు వచ్చు.
లిప్త దగ్గర నోరు తడబడింది.

ఆసుపత్రిలో నేను డయాలిసిస్ యంత్రాలు చూస్తాను.
డ్యూటీ లేని రాత్రులు ఇటు వస్తాను.
మెర్విన్ బల్ల మీద, కూలగొట్టిన సెల్ టవరు నుంచి
నూట పది డాలర్లకు తెచ్చిన రుబీడియం పెట్టె.
స్విచ్ వెయ్యగానే పలకదు.
తనలో తాను వేడెక్కి, సణిగి, వెతుక్కుని,
అయిదు నిమిషాలకు ఒక పచ్చదీపం.
"కుదిరింది" అంటాడు,
పెళ్ళి సంబంధం గురించి చెప్పినట్టు.

ఇంటి కప్పు మీద, పొగగొట్టం పక్కన
తెల్లటి పుట్టగొడుగు లాంటి యాంటెన్నా.
ఇరవై వేల కిలోమీటర్ల నుంచి తడబడకుండా దిగిన సెకను
మా ఇరవై మీటర్ల కేబుల్లో నూరు నానోసెకన్లు ఆలస్యం చేస్తుంది,
ఊరొచ్చాక బస్టాండులో టీకి ఆగిన మనిషిలా.
ఆ నూరూ తీసేసి రాసుకుంటాం.

జూన్‌లో గీతకు గూని వచ్చింది.
రాత్రిపూట ముప్పై రెండు నానోసెకన్లు లేచి,
అరగంట ఉండి, దిగిపోతుంది.
వెలుతురు ఈ కంచె నుంచి ఆ కంచెకు పోయేంత వ్యవధి.
దానికోసం మూడు వారాలు ముగ్గురికీ నిద్ర లేదు.
ట్రామ్ డిపోలో వైరింగ్ చేసే థుయ్ కేబుల్ మార్చింది.
నేను షెడ్డుకు థర్మామీటరు పెట్టి జ్వరం చూశాను.
మెర్విన్ అనుమానంతో ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాడు.
పాడైపోయిన అరకిలో మాంసం
వాళ్ళావిడ గ్లెనిస్ తెచ్చి కౌంటరు పక్కనే పెట్టి
ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయింది.

"ఉపగ్రహాల తప్పయితే
రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు జరగాలి, చుక్కల్లాగే.
జరగట్లేదు.
కరెంటు తప్పయితే గంట కొట్టినట్టు రావాలి.
ఒకరోజు తొమ్మిదింబావు. ఒకరోజు పది దాటాక.
వాన పడితే అసలు రాదు."
థుయ్ టేపు చుట్ట వేలికి తిప్పుతూ అంది,
"అయితే ఇది గడియారం లేనిదేదో."

షెడ్డు రేకు అడ్డం ఉందని మరిచి
ముగ్గురం పైకి చూశాం.

నిచ్చెన. టార్చి.
గ్లెనిస్ పొయ్యి వెలిగించాక వెచ్చబడ్డ ఇటుకలకు వీపు ఆనించి,
పుట్టగొడుగు మీద పొట్ట పరిచి
పోసమ్.
పిల్లంత ఒళ్ళు, ఉడుతకుండాల్సిన తోక.
నాలుగు ఉపగ్రహాలను కడుపు కింద దాచుకుని
నిమ్మతొక్క నములుతోంది.

ముళ్ళతీగ చుడదామంది థుయ్.
నేనూ సరేనన్నాను.
ఊరందరూ ఫోన్ చేసి టైమెంత అని అడిగిన రోజుల్లో
ఆ లైను చెడకుండా కాచిన మనిషి
నిచ్చెన మీద చాలాసేపు అలాగే ఉన్నాడు,
టార్చిని పక్కకు తిప్పి, దాని కళ్ళలో పడకుండా.
దిగొచ్చి పుస్తకంలో రాశాడు:
కేబుల్, మైనస్ నూరు.
పోసమ్, ప్లస్ ముప్పై రెండు. వాన లేకపోతే.

సెప్టెంబరులో గూని మీద ఇంకో బుడిపె.
నాలుగో అయిదో నానోసెకన్లు,
సందడిలో కలిసిపోయేంత.
పరికరం దోషమని కొట్టిపారేశాను.
వెళ్ళి చూడరాదూ, అన్నాడు మెర్విన్.

ఎక్కాను.
తల్లి వీపు మీద, బొచ్చులో గోళ్ళు దిగేసి,
గుప్పెడంత ఇంకొకటి నన్నే చూస్తోంది.

ఎంత? ఎంత? అని కింద నుంచి వాళ్ళిద్దరూ.
టీ చల్లారిపోతోందని మూడోసారి గ్లెనిస్.